మైలుకు నూట పదిహేను గజాలు ఎక్కువ

మా దీవికి స్వాతంత్ర్యం వచ్చే ముందటి ఏడాది, ఆగస్టు చివరి శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలు. క్యూర్‌పైప్ మైదానం పక్కన ఎస్టేటు లారీ ఆగి ఉంది. సన్నవాన. వెనకతలుపు దించి ఉంది. మైలు పందెం మూడున్నరకు. పరిగెత్తవలసిన మనిషి లారీలో మూలకు చేరి, గోనెపట్టా నెత్తిన కప్పుకుని, దిగనంటున్నాడు.

ఆ మనిషిని ఎనిమిది నెలలుగా తయారు చేసింది నేను.

మొన్నొక కోచ్ నా దగ్గరకు వచ్చాడు. మంచివాడే, కుర్రవాడే. ఆటగాళ్ళలో మనోబలం ఎలా పెంచాలో మీ అనుభవం రాసివ్వండి తాతగారూ, పిల్లలకు చదివి వినిపిస్తాను అన్నాడు. మనోబలం పెంచడానికి అదేమైనా గుమ్మడిపాదా, నీళ్ళు పోసి పందిరి వెయ్యడానికి? నాకు తెలిసిందల్లా ఒక మనిషికి ఉన్న మనోబలాన్ని ఎనిమిది నెలలపాటు ఎలా తొక్కానో, అంత తొక్కినా అది ఎందుకు చావలేదో. అదే రాస్తున్నాను. మీకు పనికొస్తే తీసుకోండి, లేకపోతే మడిచి పక్కన పెట్టండి.

సుయాక్ పైన కొండవాలు చెరకు ఎస్టేటులో నేను సర్దార్‌ని. అంటే కోత ముఠాకు పెత్తందారు. పొద్దున్నే చీకటి విడకముందు ఎవరికెంత పని అన్నది కొలిచి ఇవ్వాలి. కొలిచేది గోలెట్‌తో. పదడుగుల వెదురు కర్ర అది. ఒక మనిషికి ఇన్ని గోలెట్ల చెరకు అని చూపిస్తాను, అది కోసేస్తే ఆ మనిషి ఇంటికి పోవచ్చు. కొందరికి మధ్యాహ్నానికే తెమిలిపోయేది, కొందరికి సాయంత్రం దాకా పట్టేది. పదిహేనేళ్ళు ఆ కర్ర పట్టుకుని తిరిగాను. అప్పట్లో నాకు అక్షరం రాదు గాని, గోలెట్ వేయడంలో ఒక్కడూ నన్ను తప్పుపట్టలేదు. ఆ గర్వం ఒకటి ఉండేది.

నా ముఠాలో ఇరవై రెండేళ్ళవాడు ఒకడు. వరసకు మేనల్లుడు, నన్ను మామయ్యా అనేవాడు. పొడుగుకాళ్ళు, లోపలికి పోయిన ఛాతీ. చెరకు కోస్తున్నప్పుడు తనలో తను గొణుక్కుంటూ ఉండేవాడు. వాళ్ళ నాన్న నలభై ఏళ్ళు నిండకుండానే నడుం పోయి మంచాన పడ్డాడు. వీడికి ఆ మంచం రోజూ కనబడేది. మిల్లు వర్క్‌షాప్‌లో యంత్రాల పని నేర్చుకోవాలని వాడి కోరిక. దూరంగా లారీ వస్తుంటే చప్పుడు విని, దాని రోగమేమిటో చెప్పేవాడు. కానీ వర్క్‌షాప్‌లో చోటు మనలాంటివాళ్ళకు ఊరికే వస్తుందా? కోతవాడి కొడుకు కోతవాడే.

ఆ ఏడాది జనవరిలో దొరగారు, అంటే ఎస్టేటు మేనేజరు, ఒక మాట అన్నాడు. ఎస్టేట్ల మధ్య పరుగు పందాల్లో మైలు పందెం ప్రతిసారీ క్యూర్‌పైప్ వైపువాడే కొట్టుకుపోతున్నాడు, మనవాడెవడైనా గెలిస్తే వాడికి వర్క్‌షాప్‌లో చోటు ఇస్తాను అని. మా మేనల్లుడు ఆ సాయంత్రమే మా గుమ్మంలోకి వచ్చాడు.

"మామయ్యా, నన్ను పరిగెట్టించు."

"నాకేటి తెలుసురా పరుగు గురించి?"

"నీకు తిట్టడం తెల్సు గదా. అది సాలు."

నవ్వాను గాని, అప్పట్లో నా నమ్మకమూ అదే. తిడితే మనిషి గట్టిపడతాడు అని.

మైలు అంటే ఎంత దూరమో ఆఫీసు గుమాస్తాను అడిగాను. ఆయన మన తెలుగువాడే, మా క్యాంపులో, అంటే ఎస్టేటు కూలీల ఇళ్ళలో, చదువుకున్న మొదటి మనిషి, ముక్కు మీద కళ్ళజోడు, దాని మీద గీర. ఐదువేల రెండువందల ఎనభై అడుగులు అన్నాడు. కాగితం మీద ఏదో గీకి నా చేతిలో పెట్టాడు. దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. అంతకన్న ఏం చేస్తాను? లెక్క నోటితో వేశాను. గోలెట్‌కు పదడుగులు. మైలుకు ఐదువందల ఇరవై ఎనిమిది గోలెట్లు. నాలుగు చుట్లంటే చుట్టుకు నూట ముప్ఫై రెండు. కోత అయిపోయి ఖాళీగా పడున్న చేను ఒకటి ఉంది. దాని చుట్టూ గోలెట్ వేసుకుంటూ పోయి, సున్నం చల్లి గీతలు పెట్టాను. వెంట్రుకవాసి తేడా లేదు. నేను వేశాను మరి!

గుమాస్తా మిల్లులోంచి నొక్కుడు గడియారం తెచ్చేవాడు. మొదటి రోజు మావాడు మైలుకు ఆరు నిమిషాల పైన తీసుకున్నాడు. క్యూర్‌పైప్‌వాడు కిందటేడు గెలిచింది నాలుగు నిమిషాల నలభై ఐదు సెకన్లలో అని గుమాస్తా చెప్పాడు. నేను తల పట్టుకున్నాను.

అక్కణ్ణించి రోజూ పని దిగాక, సాయంత్రం పూట పరుగు. రోజూ తిట్లు. "నత్తా! మీ నాన్న మంచం ఖాళీ సేసి నీకిమ్మంటావా?" అని కూడా అన్నాను ఒకసారి. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది, అయినా రాస్తాను. దాహం ఓర్చుకుంటే మనసు గట్టిపడుతుందని నీళ్ళు ఇవ్వనిచ్చేవాణ్ణి కాదు. చెరకు మోపు నెత్తిన పెట్టి పరిగెత్తించాను. ఇవన్నీ ఎవరు నేర్పారని అడక్కండి. ఎవరూ నేర్పలేదు. పెత్తనం చేసేవాడికి తోచిందల్లా శాస్త్రమే.

వాడి తీరు వేరు. పరుగు అయ్యాక మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి కుదుటపడగానే తన తప్పు తనే చెప్పేవాడు.

"ఇయ్యాల రెండో సుట్టులోనే ఊపిరి ఖర్సెట్టీసినాను మామయ్యా. రేపు సూస్తాను."

మర్నాడు రెండో చుట్టు బాగుపడేది, ఇంకోటి చెడేది.

"మూడో సుట్టులో భుజాలు బిగుసుకుపోతన్నాయి. సెవుల దాకా ఎల్లిపోతన్నాయి. ఎందుకో తెల్దు. రేపు సూస్తాను."

"రేపు, రేపు! నీ తప్పుల దండకం నాకెందుకురా? గెలిసేవోడు తప్పులు లెక్కెట్టుకుంటాడేటి?" అని అరిచేవాణ్ణి. వాడి గొణుగుడు వింటే నాకు ఒళ్ళు మండేది. ఓడిపోయేవాడి లక్షణం అనుకున్నాను. క్యాంపులో అందరికీ వినబడేలా చెప్పేవాడు, దాపరికం లేదు. జనం నవ్వేవాళ్ళు. వాళ్ళమ్మ కూడా అనేసేది: "మా ఇంట్లో అందరమూ మందకొడే, అన్నా. ఈడికెక్కడ్నించి వత్తాది వేగం?"

ఏడు నెలలు గడిచేసరికి ఐదు నిమిషాల ఐదు సెకన్లకు వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. ఎంత తిట్టినా ఐదు నిమిషాల లోపలికి రాలేదు. నేను ఆశ వదిలేశాను. వాడు వదల్లేదు. భుజాలు, ఊపిరి, మలుపులో అడుగు, రోజుకొకటి పట్టుకుని సరిచేసుకుంటూనే ఉన్నాడు.

పందెం ఇక మూడు రోజులుందనగా, బుధవారం, ఎస్టేటు సర్వేయరు గొలుసు పట్టుకుని ఆ చేనుకు వచ్చాడు. కొత్త మొక్క వేయడానికి హద్దులు చూడాలట. నా సున్నపు గీతలు చూసి ఇదేమిటన్నాడు. పావు మైలు చుట్టు అన్నాను, ఛాతీ విరుచుకుని. ఆయనకు చాదస్తం, ఊరికే ఉండలేడు. గొలుసు వేశాడు. మళ్ళీ వేశాడు. తర్వాత నా గోలెట్ తీసుకుని చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"సర్దార్, ఇది ఫ్రెంచి అడుగుల కర్ర. మైలుకు ఇంగ్లీషు అడుగులు. ఇంగ్లీషు అడుగు కన్నా ఫ్రెంచి అడుగు బొటనవేలి మందం ఎక్కువ పొడుగు. నీ మైలు నూట పదిహేను గజాలు ఎక్కువ!"

నేను పుట్టినప్పటినుంచి ఈ దీవిలో పొలం కొలిచింది ఆ కర్రతోనే. అడుగంటే అడుగే అనుకున్నాను. అడుగులో ఫ్రెంచివాడూ ఇంగ్లీషువాడూ వేరువేరుగా ఉంటారని నాకెవడు చెప్పాడు? ఒక్క పరుగున ఆఫీసుకు పోయి గుమాస్తా మీద పడ్డాను. ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు.

"కాగితం మీద రాసిచ్చాను గదయ్యా, ఇంగ్లీషు అడుగులు అని. సూడలేదా?"

జేబులోంచి తీశాను. చెమటకు నాని, మడత దగ్గర చిరిగి, అయినా అక్షరాలున్నాయి. ఎనిమిది నెలలు గుండె మీద మోశాను దాన్ని.

"నాకు సదువు రాదని నీకు తెల్దా? నోటితో సెప్పి సావొచ్చుగా!"

"నాకు సదువు రాదు, ఇది సదివి పెట్టు అని నువ్వు సెప్పి సావొచ్చుగా!"

ఆయన మీద కోపం ఇప్పటికీ పోలేదు. ఆయనదే న్యాయం అన్న కోపం.

గుమాస్తాయే లెక్క వేశాడు. ఐదు నిమిషాల ఐదు సెకన్లు నా పొడుగు మైలుకు. అసలు మైలుకు నాలుగు నిమిషాల నలభై ఆరు. క్యూర్‌పైప్‌వాడికి ఒక్క సెకను దూరం.

దాచేద్దామనుకున్నాను. సర్దార్ కోతవాడి ముందు నాది తప్పు అని అనడం ఎప్పుడైనా విన్నామా? కానీ ఈ మాట వింటే వాడికి కొండంత బలం వస్తుంది కదా అని, ఆ సాయంత్రం వాళ్ళింటికి పోయి చెప్పేశాను. చెప్పడం కూడా సరిగ్గా చెప్పలేదు. నా కర్ర తప్పు అని గబగబా అనేసి, "నువ్వు మొదట్నించీ వేగమైనోడివేరా! పుట్టుకతోనే!" అని గట్టిగా అరిచాను. నా తప్పు ఆ అరుపు కింద కప్పుకుపోవాలని.

క్యాంపు తీరు తెలుసు కదా. గంటలో పండగ. వాళ్ళమ్మ మాట తిరగేసింది: "ఆళ్ళ ముత్తాత కోరంగి ఓడ దిగిన కాడ్నించి మా ఇంట్లో అందరూ వేగమే, అన్నా! రక్తంలో ఉంది!" సింహాద్రి అప్పన్నకు మొక్కుకుని వాడి మణికట్టుకు పసుపుతాడు కట్టింది. వర్క్‌షాప్‌లో వాడికి ఏ బల్ల ఇస్తారో కూడా జనం మాట్లాడేసుకున్నారు.

వాడు గురువారం పరుగుకు రాలేదు. శుక్రవారం వచ్చాడు, సగం చుట్టు పరిగెత్తి ఆగిపోయాడు. ఏం తప్పు జరిగిందో చెప్పలేదు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఏమీ చెప్పలేదు. హమ్మయ్య, దండకం పోయింది, గెలిచేవాడి లక్షణం వచ్చింది అనుకున్నాను. నా తెలివి అలా ఉండేది.

శనివారం వర్క్‌షాప్ పెద్ద మెకానిక్ మమ్మల్ని లారీలో తీసుకువెళ్ళాడు. మనవాడు కాదు, క్రెయోలాయన. అందరూ షెఫ్, అంటే పెద్దాయన, అనేవాళ్ళు. మా క్యాంపు పక్కనే ముప్ఫై ఏళ్ళు ఉన్నాడు, మన భాష సగం అర్థమవుతుంది, తిట్లు పూర్తిగా అర్థమవుతాయి. క్యూర్‌పైప్ చేరేసరికి మంచు, వాన, చలి. మావాడి పళ్ళు టకటకలాడుతున్నాయి. చలికేలే అనుకున్నాను.

మూడూ పదికి దిగమన్నాను. కడుపు నొప్పి అన్నాడు.

"నిన్నటిదాకా లేని నొప్పి ఇప్పుడెక్కడ్నించి వచ్చింది? అలే, కదులు, దిగు!"

"నేను దిగను, మామయ్యా."

వాళ్ళమ్మ ఏడుపు మొదలుపెట్టింది. గుమాస్తా గడియారం చూపించి, పదిహేడు నిమిషాలుంది అన్నాడు. నేను తిట్టాను. తిట్లన్నీ అయిపోయాయి. తర్వాత పొగిడాను. "నీ అంత వేగమైనోడు ఈ దీవిలో లేడురా" అన్నాను. పొగిడినకొద్దీ గోనెపట్టా లోపలికి ముడుచుకుపోయాడు. నాకు పిచ్చెక్కుతోంది. ఇంతా చేసి, నాలుగు నిమిషాల నలభై ఆరు సెకన్లకు తెచ్చి, లారీ దిగడానికి బతిమాలుకోవాలా?

"ఏటిరా నీ బాధ? ఏటి కావాలి నీకు? సెప్పి సావు!"

అప్పుడు పట్టా తీశాడు.

"మామయ్యా, నేను నెమ్మదిగా ఉన్నోణ్ణి అనుకున్నప్పుడు నాకు భయం లేదు. ఇయ్యాల ఇది సెడింది, రేపు అది సూడాలి అని ఉండీది. ఇప్పుడు నేను పుట్టుకతో వేగమైనోణ్ణంట. మరి వేగమైనోడు ఏటి సరిసేసుకోవాలి? ఏం లేదు గదా. ఇంక గెలవడం ఒక్కటే. గెలవకపోతే మరి నేనెవణ్ణి?"

తిట్టూ పొగడ్తా రెండూ అయిపోయిన పెత్తందారు నోట్లో ఇంక ఏముంటుంది? షెఫ్ లారీ ముందు నుంచి దిగి వచ్చి, తలుపుకు ఆనుకుని, సిగరెట్ వెలిగించకుండా పెదాల మధ్య పెట్టుకుని వింటున్నాడు.

విసుగుతోనే అన్నాను. తెలివితో కాదు, ఒట్టు.

"వేగమూ లేదు, గాడిదగుడ్డూ లేదు. కర్ర తప్పు నాది. నేను కొలిసింది తప్పు, నీకు సెప్పింది తప్పు, బుధవారం అరిసింది మరీ తప్పు. కానీ మూడో సుట్టులో నీ భుజాలు సెవుల దాకా పోతాయి. అది కర్ర తప్పు కాదు. అది నీ తప్పే. ఇంగ్లీషు అడుగులైనా అంతే, ఫ్రెంచి అడుగులైనా అంతే. దాన్ని ఇంకా సరిసెయ్యలేదు నువ్వు."

వాడు నా వంక చూశాడు. భుజాలు ఒకసారి పైకెత్తి కిందకు వదిలాడు.

"అవును. పోలేదది."

"పోలేదు."

"బొన్, సరే" అని లేచాడు. లారీలోంచి దూకాడు. వాళ్ళమ్మ ఏడుపు మధ్యలో ఆగి, నోరు తెరుచుకునే ఉండిపోయింది.

పరుగు గురించి ఎక్కువ రాయను, పరుగు చూసినవాళ్ళందరూ రాస్తారు. రెండు చుట్లు వాడు ఐదోవాడు. మూడో చుట్టులో ఎదురు మలుపు దగ్గర, మంచులో, వాడి చేతులు ఒక్కసారి కిందకు జారాయి. భుజాలు నేలవైపు దిగాయి. ఒకణ్ణి దాటాడు, ఇంకొకణ్ణి, ఇంకొకణ్ణి. నాలుగో చుట్టు మొత్తం క్యూర్‌పైప్‌వాడి పక్కనే. ఆఖరి మలుపులో అతను ఒక మనిషి పొడవు ముందుకు పోయాడు, అలాగే గీత దాటాడు.

మావాడు రెండోవాడు.

వర్క్‌షాప్ పోయింది. దొరగారి మాట గెలిస్తే అని. నాకు గడ్డి మీద కూలబడి ఏడవాలనిపించింది. వాడు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఊపిరి తీసుకుని, తల ఎత్తాడు.

"సూసావా మామయ్యా? భుజాలు వదిలీసినాను! అయితే ఆఖరి మలుపులో ఎడం సెయ్యి అడ్డం వత్తంది. రేపు..."

"రేపు లేదురా! అయిపోయింది! అర్థమవుతోందా?" అని అరిచాను. వాడి ముఖంలో అర్థమైనట్టే ఉంది. అయినా ఎడమచేయి ఊపి చూసుకుంటున్నాడు.

సోమవారం పొద్దున దొరగారి ఆఫీసు వరండాలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కర్ర సంగతి మొత్తం చెప్పాను. అసలు దూరం మీద తయారైతే గెలిచేవాడు, తప్పు నాది, వాడిది కాదు అన్నాను. కోత కొలతల్లో తప్పు లేదు, అది ఫ్రెంచి అడుగుల్లోనే ఉండాలి అని కూడా చెప్పాను. ఆయన చివరి మాట విననే లేదు.

"కొలవడం రాని సర్దార్ నాకెందుకు?" అన్నాడు. తర్వాత, "గెలిస్తేనే అన్నాను. గెలవలేదు" అన్నాడు.

షెఫ్‌ను ఎవరు పిలిచారో నాకు తెలియదు. పిలవకుండానే వచ్చాడనుకుంటాను, చేతులకు గ్రీజుతో. దొరగారితో క్రెయోల్‌లో అన్న మాటలివి: "గెలిచినవాడు నాకు అక్కర్లేదు, ముస్యే. మా దగ్గర తప్పు చేసి దాచేవాడి వేళ్ళు తెగుతాయి, లేదా పక్కవాడివి తెగుతాయి. తప్పు చేసిన నిమిషంలో నోటితో చెప్పేవాడు ఈ ఎస్టేటులో ఒక్కడే ఉన్నాడు. ఆ కుర్రాణ్ణి నాకివ్వండి."

దొరగారు చెయ్యి విదిలించాడు. తీసుకుపో అని దాని అర్థం.

నా కర్ర ఆ రోజే తీసేసుకున్నారు. మిల్లు గేటు దగ్గర కాపలా ఇచ్చారు. అక్కడ వచ్చిపోయే లారీల నంబర్లు రాయాలి. నలభై మూడో ఏట, నెల రోజుల్లో అంకెలు నేర్చుకున్నాను, తిట్లు తింటూ. నేర్పినవాడు గుమాస్తా, ఇంకెవడు! ఆ తర్వాత క్యాంపులో సాయంత్రం బడికి పోయి, పిల్లల పక్కన కూర్చుని మన అక్షరాలు నేర్చుకున్నాను. పంతులుగారు అడిగితే, ఇక్కడ తప్పింది అని నేనే చూపించేవాణ్ణి. ఆ పద్ధతి నాకు ఎవడు నేర్పాడో వేరే రాయాలా?

తర్వాత ఇరవై ఏళ్ళు, సాయంత్రాలు ఎంతోమందిని పరిగెత్తించాను. నువ్వు పుట్టుకతో ఇంతవాడివి అని ఎవరికీ చెప్పలేదు, మంచిగానూ చెప్పలేదు, చెడ్డగానూ చెప్పలేదు. ఇవాళ ఏది చెడింది అని మాత్రం అడిగేవాణ్ణి. కొందరికి చెప్పడం రాదు, కొందరికి కోపం వస్తుంది, కొందరు అబద్ధం చెబుతారు. విసుగే. కానీ అడగండి. అడిగి, వాళ్ళు చెప్పేటప్పుడు నోరు మూసుకోండి. నాకు అది చేతకావడానికి ఎనిమిది నెలలు, ఒక ఉద్యోగం ఖర్చయ్యాయి.

ఆ శనివారం మూడూ పదికి ఆ లారీ దగ్గర ఉన్నవాళ్ళు వీళ్ళు. పేర్లు రాయను, పోయినవాళ్ళకు పిల్లలున్నారు. గడియారం చూసుకుంటున్న గుమాస్తా. పైటచెంగు నోట్లో కుక్కుకున్న తల్లి. వెలగని సిగరెట్‌తో షెఫ్. పక్క లారీ చాటున కాళ్ళు చాచుకుంటూ మా గోల విని నవ్వుకున్న క్యూర్‌పైప్‌వాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళు మిల్లులో పని చేసి, పది వేళ్ళతో రిటైరైన మా మేనల్లుడు. వాడికి ఒక్క మాట సూటిగా చెప్పడానికి ఎనిమిది నెలలు తీసుకున్న నేను.